రోడ్ బైక్ ఎంపిక: మీ దారికి, ఒంటికి, జేబుకు సరిపోయే సైకిల్ కొనే పద్ధతి

మన వాడుకలో బైక్ అంటే మోటారు సైకిల్ కాబట్టి ముందుగా ఒక స్పష్టత అవసరం. ఇక్కడ రోడ్ బైక్ అంటున్నది తారు రోడ్డు మీద ఎక్కువ దూరాన్ని తక్కువ శ్రమతో తొక్కడానికి తయారైన సైకిల్‌ను. సన్నని టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంపు తిరిగిన హ్యాండిల్, తేలికైన ఫ్రేమ్ దాని ఆనవాళ్లు.

నేను మొదటి రోడ్ బైక్ కొన్నప్పుడు దుకాణంలో నా సైజు లేదు. ఉన్నది ఒక సైజు పెద్దది. "సీటు దించుకుంటే సరిపోతుందండీ" అన్న మాట నమ్మి తీసుకున్నాను. రెండు నెలలు తిరగకుండానే మెడ, భుజాలు పట్టేయడం మొదలైంది. 40 కి.మీ. దాటితే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కేవి. సీటు దించినా ముందుకు చాచిన చేతుల దూరం తగ్గదని, ఫ్రేమ్ పొడవు అనేది సీటుతో సర్దుబాటు అయ్యే విషయం కాదని అప్పటికి నాకు తెలియదు. ఏడాదిలోపే దాన్ని సగం ధరకు అమ్మేశాను. ఆ తర్వాత ఎంతోమందితో కలిసి దుకాణాలకు వెళ్లాను. నష్టపోయిన ప్రతిచోటా కారణం ఒక్కటే కనిపించింది: బ్రాండు, రంగు, గేర్ల సంఖ్య ముందు చూసి, దారినీ ఒంటినీ చివర చూడడం. అందుకే కింది మెట్లను రాసిన వరుసలోనే ఎక్కమని కోరుతున్నాను.

1. మీ దారులను కాగితం మీద పెట్టండి

వచ్చే ఆరు నెలల్లో మీరు నిజంగా తొక్కబోయే దారులు రాసుకోండి. ఎప్పుడో ఒకసారి వెళ్లాలనుకునే లద్దాఖ్ యాత్రను ఈ జాబితాలో చేర్చవద్దు. ఇంటి గేటు దాటిన దగ్గర నుంచి రోడ్డు ఎలా ఉంది, వారానికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలు తొక్కుతారు, ఒంటరిగానా గుంపులోనా, దారిలో ఎక్కుడు ఎంత, వీపుకో సైకిల్‌కో సామాను ఉంటుందా, రాత్రి సైకిల్‌ను ఇంట్లో పెట్టుకోగలరా అన్న ప్రశ్నలకు జవాబులు రాస్తే సగం ఎంపిక అక్కడే తేలిపోతుంది.

హైదరాబాదు పడమటి వైపు ఉండేవారి సంగతి చూడండి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు రెండు పాయలుగా సాగుతుంది. నేల నున్నగా ఉంటుంది, లారీల బెడద లేదు. వారానికి మూడు రోజులు అక్కడే తొక్కేవారికి సన్నని టైర్ల వేగవంతమైన సైకిల్ నప్పుతుంది. అదే హైదరాబాదు నుంచి వికారాబాదు అనంతగిరి కొండల వైపు వెళ్లేవారికి ఎత్తుపల్లాలు, ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లు, అంచులు విరిగిన తారు ఎదురవుతాయి. విశాఖలో బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే దారి మోస్తరు ఎత్తుపల్లాలతో హాయిగా ఉన్నా సముద్రపు గాలి ఎదురైతే చదును రోడ్డే కొండలా తోస్తుంది. కోనసీమలో కాలువ గట్ల వెంట ఎక్కుడన్న మాటే ఉండదు గాని గట్టు దిగితే గులక, బురద. మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండలు 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తున్నాయి. అక్కడ తొక్కేవారికి అన్నిటికన్నా ముందు కావలసింది తేలిక గేరు.

ఈ జాబితా చేతిలో ఉంటే రోడ్ బైకుల్లోని రకాలను పోల్చి చూడడం సులువు. రేసు రకంలో హ్యాండిల్ సీటు కన్నా బాగా కిందికి ఉంటుంది, నడుము వంగి గాలికి తక్కువ అడ్డం పడుతుంది, మలుపులో సైకిల్ చురుగ్గా తిరుగుతుంది. ఎండ్యూరెన్స్ రకంలో ముందు భాగం కాస్త ఎత్తుగా, చక్రాల మధ్య దూరం కాస్త ఎక్కువగా ఉండి గంటల తరబడి కూర్చున్నా ఒళ్లు ఓర్చుకుంటుంది, టైర్లు కూడా వెడల్పువి పడతాయి. గ్రావెల్ రకానికి హ్యాండిల్ అదే కొమ్ముల ఆకారమైనా 40 మి.మీ. దాకా టైర్లు పడతాయి, మట్టి రోడ్డుకూ వెరవదు, తారు మీద మాత్రం కొంచెం నిదానం. ఇక నగరంలో ఆఫీసుకు వెళ్లిరావడమే ప్రధానమైతే వంపు లేని తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిల్ చాలు. దానికి రోడ్ బైక్ అన్న పేరు లేదని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

నా దగ్గరికి సలహాకు వచ్చే పదిమందిలో ఎనిమిది మందికి నేను ఎండ్యూరెన్స్ రకమే చెబుతాను. ఇందుకు కారణం చెప్పాలంటే బ్రెవే సంగతి ఎత్తాలి. మన దగ్గర రోడ్ బైక్ కొన్నవారిలో చాలామంది ఏడాది తిరిగేసరికి బ్రెవేల వైపు మళ్లుతారు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పరీజియన్ నిబంధనల ప్రకారం జరిగే ఈ సుదూర ప్రయాణాల్లో 200 కి.మీ. 13 గంటల 30 నిమిషాల్లో, 300 కి.మీ. 20 గంటల్లో, 400 కి.మీ. 27 గంటల్లో, 600 కి.మీ. 40 గంటల్లో పూర్తి చేయాలి. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తి చేసినవారిని సూపర్ రాండోనర్ అంటారు. లెక్క వేస్తే తిండికి, నీళ్లకు, పంక్చర్లకు ఆగిన సమయంతో సహా గంటకు 15 కి.మీ. సగటు ఉంటే చాలు. అంటే అక్కడ మనిషిని ఓడించేది వేగం లేకపోవడం కాదు. పదో గంటలో లాగేసే నడుము, తిమ్మిరెక్కే చేతులు, ఒరుసుకుపోయే తొడలు ఓడిస్తాయి. గాలిని చీల్చే రేసు ఫ్రేమ్ మీద రెండు లక్షలు పెట్టి, ఆ వంగుడు భరించలేక 120వ కి.మీ. దగ్గర ఆగిపోయినవారిని చూశాను.

అలాగని రేసు రకాన్ని తీసిపారేయడం లేదు. గాలి ఎదురొత్తిడి విషయంలో లెక్క కఠినమైనది: వేగం 20 కి.మీ. నుంచి 30కి, అంటే ఒకటిన్నర రెట్లు పెరిగితే గాలిని నెట్టడానికి కావలసిన శక్తి 3.4 రెట్ల దాకా పెరుగుతుంది. గాలికి అడ్డం పడేది ఎక్కువగా సైకిల్ కాదు, మన ఒళ్లే. కాబట్టి గుంపులో 35 కి.మీ. వేగంతో తొక్కేవారికి, పోటీల్లో దిగేవారికి, నడుము చక్కగా వంగే వయసువారికి రేసు భంగిమ నిజంగా పనికొస్తుంది.

2. డబ్బును ముందే రెండుగా విడదీయండి

మీ దగ్గర 60,000 రూపాయలుంటే 60,000 రూపాయల సైకిల్ కొనకండి. అందులో 15 నుంచి 20 శాతం పక్కన పెట్టండి. హెల్మెట్, ముందు వెనక దీపాలు, గొట్టంపై మీటరు ఉన్న నిలువు పంపు, జేబులో పట్టే చిన్న పంపు, రెండు ట్యూబులు, టైరు లివర్లు, అలెన్ కీల సెట్టు, మెత్త ఉన్న షార్ట్స్, చైన్ నూనె, తాళం, నీళ్ల సీసా. వీటిలో ఏ ఒక్కటీ అదనపు హంగు కాదు. మెత్త షార్ట్స్ లేకుండా 50 కి.మీ. తొక్కి, సీటు బాగాలేదని సైకిల్‌ను తిట్టుకునేవారు ఎందరో ఉన్నారు.

మిగిలిన డబ్బుకు ఏమొస్తుందో ఉజ్జాయింపుగా చెబుతాను. ధరలు దుకాణాన్ని, ఏడాదిని బట్టి మారుతుంటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి అంతకుముందు నాటి ధరల పట్టీలు చూసి అంచనా వేయకండి.

సుమారు 20 నుంచి 35 వేలలో అల్యూమినియం ఫ్రేమ్, ఏడు లేదా ఎనిమిది గేర్ల వెనక చక్రం, మామూలు రిమ్ బ్రేకులు (చక్రం అంచును నొక్కేవి) ఉన్న ప్రవేశస్థాయి సైకిల్ వస్తుంది. డెకాథ్లాన్ దుకాణాల్లోని ట్రైబన్ సైకిళ్లు, టీఐ సైకిల్స్ వారి మాంట్రా వంటివి ఈ మెట్టు మీద చాలామందికి మొదటి రోడ్ బైక్ అయ్యాయి. బరువు 10, 11 కిలోల దగ్గర ఉంటుంది. రోడ్ బైక్ మీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఇది నిజాయితీ గల మార్గం. 45 నుంచి 75 వేల మధ్య కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే చీలిక గొట్టం), షిమానో కంపెనీ క్లారిస్ లేదా సోరా గేర్లు, కొన్నింటిలో డిస్క్ బ్రేకులు కనిపిస్తాయి. నా దృష్టిలో రూపాయికి దక్కే విలువ ఎక్కువగా ఉండేది ఇక్కడే. 80 వేల నుంచి లక్షన్నర దాకా షిమానోలోనే టియాగ్రా, '105' అనే పేర్ల గేర్లు, హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) బ్రేకులు మొదలవుతాయి. ఆ పైన కార్బన్ ఫ్రేములు. ఆ మెట్టులో పెట్టే ప్రతి పదివేలకూ తొక్కేటప్పుడు తెలిసే తేడా తగ్గుతూ పోతుంది.

షిమానో గేర్ల వరుసను గుర్తుపెట్టుకోవడం సులువే. టూర్నీ అన్నిటికన్నా కింద, దాని పైన వెనక 8 పళ్ల చక్రాల క్లారిస్, 9 ఉన్న సోరా, 10 ఉన్న టియాగ్రా, ఇప్పటి తరంలో 12 ఉన్న 105, ఆపైన అల్టెగ్రా, డ్యూరా ఏస్. ఈ మధ్య క్లారిస్, సోరా, టియాగ్రాల చోటులోకి క్యూస్ అనే కొత్త వరుసను షిమానో తెస్తోంది. మన్నిక దాని ప్రధాన గుణం గాని పాత వరుసల విడిభాగాలతో అన్నీ కలవవు. కాబట్టి కొనే ముందు మీ ఊళ్లో దాని క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట), చైన్ దొరుకుతాయో లేదో అడగండి. గేర్ల సంఖ్య పెరిగితే వేగం పెరుగుతుందన్నది అపోహ. మెట్ల మధ్య ఎడం తగ్గుతుంది, అంతే. పోల్చడానికి వెళ్లినప్పుడు మరొకటి గమనించండి: కంపెనీలు వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) మాత్రం ఖరీదైనది బిగించి, బ్రేకులు, క్రాంక్ (పెడళ్లు బిగించే చేయి), చైన్ చౌకవి పెట్టడం కద్దు. పెట్టె మీది పేరును నమ్మకుండా భాగాల జాబితా పూర్తిగా చదవండి.

3. సైజు: ఇక్కడ రాజీ పడకండి

ఈ మెట్టు మీద ఎంత సమయం గడిపినా దండగ కాదు. ఇంట్లోనే మూడు కొలతలు తీసుకోండి.

మొదటిది కాలి లోపలి పొడవు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య 15 సెం.మీ. ఎడం ఉంచి నిలబడండి. గట్టి అట్ట ఉన్న లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, దాని వెన్ను పైకి, ఒక అంచు గోడకు ఆనేలా, సీటు మీద కూర్చున్నంత బిగువుగా పైకి లాగండి. పుస్తకం పై అంచు గోడకు తాకిన చోట మరొకరి చేత పెన్సిల్ గీత గీయించి, నేల నుంచి కొలవండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. ఉదాహరణకు 80 సెం.మీ. వచ్చిందనుకుందాం. దాన్ని 0.883తో గుణిస్తే 70.6. పెడళ్ల ఇరుసు (రెండు క్రాంకులూ కలిసి తిరిగే, ఫ్రేమ్ అడుగున ఉన్న ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు సుమారుగా అదే. అదే 80ని 0.67తో గుణిస్తే 53.6. అంటే పాతకాలపు సమాంతర ఫ్రేమ్ లెక్కలో 53, 54 సైజు. ఇప్పటి ఫ్రేముల పై గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఈ రెండో అంకెను దారి చూపే గుర్తుగా మాత్రమే తీసుకుని, కంపెనీ ఇచ్చే సైజు పట్టికతో పోల్చాలి.

రెండోది భుజాల వెడల్పు, భుజం ఎముక అంచు నుంచి అంచుకు. హ్యాండిల్ వెడల్పు దాదాపు అంతే ఉండాలి. చాలా సైకిళ్లకు 42 సెం.మీ. హ్యాండిల్ వస్తుంది. సన్నని భుజాలున్న మగవారికి, ఎక్కువమంది స్త్రీలకు 38 లేదా 40 సరిపోతుంది. కొనేటప్పుడే మార్చి ఇమ్మని అడగండి.

మూడోది కూర్చునే ఎముకల మధ్య దూరం. మెట్టు మీద ముడతల అట్టముక్క పరిచి, దాని మీద కాస్త ముందుకు వంగి గట్టిగా కూర్చుని లేవండి. రెండు గుంటలు పడతాయి. వాటి నడుమల మధ్య దూరానికి రెండు, మూడు సెం.మీ. కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు. మెత్తని సీటు సుఖమనుకోవడం సహజమే గాని రెండు గంటల తర్వాత అదే మెత్తదనం ఎముకల మధ్య కండను నొక్కి బాధిస్తుంది. సరైన వెడల్పున్న గట్టి సీటే దూర ప్రయాణానికి మేలు.

ఇప్పుడు పట్టికలో రెండు పదాల కోసం చూడండి: స్టాక్, రీచ్. పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైకొన దాకా నిలువు ఎత్తు స్టాక్. అదే కొన దాకా అడ్డం దూరం రీచ్. స్టాక్‌ను రీచ్‌తో భాగిస్తే ఆ సైకిల్ మీ నడుమును ఎంత వంచుతుందో బయటపడుతుంది. స్టాక్ 545, రీచ్ 385 అయితే 1.42, అది రేసు భంగిమ. స్టాక్ 575, రీచ్ 378 అయితే 1.52, అది ఎండ్యూరెన్స్ భంగిమ. అమ్మేవారు ఏ పేరు పెట్టి పిలిచినా ఈ ఒక్క భాగహారం నిజం చెబుతుంది. నా మొదటి సైకిల్‌కు ఈ లెక్క తెలిసి ఉంటే దాన్ని కొనకుండానే తిరిగి వచ్చేవాణ్ని.

రెండు సైజుల మధ్య ఊగిసలాటలో ఉంటే చిన్నదే తీసుకోండి. చిన్న ఫ్రేమ్‌కు పొడవాటి స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే ముక్క) వేసి సీటు పెంచి సరిచేసుకోవచ్చు. పెద్ద ఫ్రేమ్‌ను కుదించే మార్గం దాదాపు లేదు. 160 సెం.మీ. ఎత్తు దగ్గరున్నవారికి ఈ హెచ్చరిక మరీ ముఖ్యం, ఎందుకంటే చాలా దుకాణాల్లో చిన్న సైజులు నిల్వ ఉండవు, ఉన్నదాన్నే అంటగట్టే ప్రయత్నం జరుగుతుంది. నెల రోజులు ఆగి తెప్పించుకోండి.

4. కొండ ఉంటే గేర్ల లెక్క వేయండి

పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు 50, 34 పళ్లతో ఉంటే దాన్ని కాంపాక్ట్ అంటారు. వెనక క్యాసెట్ 11-28 అంటే అన్నిటికన్నా చిన్నదానికి 11, పెద్దదానికి 28 పళ్లు. ముందు చిన్నదాన్ని వెనక పెద్దదానితో భాగిస్తే మీ చివరి ఆసరా గేరు తెలుస్తుంది.

28 మి.మీ. టైరు వేసిన చక్రం ఒకసారి తిరిగితే సుమారు 2.13 మీటర్లు కదులుతుంది. ఘాట్ రోడ్డు మీద అలసిపోయినప్పుడు నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పుతున్నారనుకుందాం. 34కు వెనక 28 అయితే గంటకు 9.3 కి.మీ. వేగం నిలబెట్టాలి. 34కు వెనక 34 అయితే 7.7 కి.మీ. చాలు. ఈ తేడా కాగితం మీద చిన్నది. నిటారు మలుపులో సైకిల్ దిగి తోసుకుంటూ నడవాలా, కూర్చునే ఎక్కాలా అన్నది మాత్రం దానితోనే తేలుతుంది. మోకాళ్లకు కూడా తేలిక గేరులో వేగంగా తిప్పడమే క్షేమం. కొత్తవారికి, నలభై దాటినవారికి, హార్స్‌లీ కొండలు గాని అరకు ఘాట్ గాని మనసులో ఉన్నవారికి 11-32 లేదా 11-34 క్యాసెట్ కావాలని కొనేటప్పుడే అడగండి. వెనక డిరైలర్ పొడవు కేజ్ (చైన్ బిగువును పట్టే కింది చేయి పొడవుగా ఉన్న) రకమైతేనే అది పడుతుంది. ఆ మాట ముందే నిర్ధారించుకోండి, లేకపోతే తర్వాత రెండూ మార్చవలసి వస్తుంది.

కొండ విషయంలోనే బరువు గురించి కూడా చెప్పాలి. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలనుకుంటే సైకిల్‌లో ఒక కిలో తగ్గించడం వల్ల మొత్తంలో తగ్గేది 1.25 శాతం. 40 నిమిషాల ఎక్కుడులో అది అర నిమిషం. ఆ కిలో కోసం 50 వేలు ఎక్కువ పెట్టాలా వద్దా అన్నది ఇప్పుడు మీరే తేల్చుకోగలరు.

5. టైర్లు, బ్రేకులు

ప్రకాశం నుంచి రాయలసీమ దాకా, తెలంగాణ పల్లెల్లోనూ రోడ్డు పక్కన సర్కారు తుమ్మ దట్టంగా పెరుగుతుంది. కంప కొట్టిన వారం రోజుల పాటు ఆ దారిలో తారు అంచున ముళ్లు పరుచుకుని ఉంటాయి. టైరు పైకి ఏమీ కనిపించదు. చేత్తో తడిమితే గోరుకు తగిలేంత నల్లని మొన మాత్రం ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా పాత గుడ్డతో ఒక చుట్టు తుడవండి. ముల్లు ఉన్నచోట గుడ్డ పీచు పట్టుకుంటుంది, వేలికి గాయం కాదు.

మన రోడ్లకు 25 మి.మీ. టైరు కన్నా 28 లేదా 32 మేలు. వెడల్పు టైరులో గాలి తక్కువ ఒత్తిడితో నింపవచ్చు, గతుకుల మీద ఎగిరిపడదు, వేగం తగ్గుతుందన్న భయం మన వేగాలకు అక్కర్లేదు. 70 కిలోల మనిషి 28 మి.మీ. టైరులో ముందు 65, వెనక 70 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి రోజుకు రెండు మూడు అంకెలు అటూ ఇటూ మార్చి చూసుకోవచ్చు. కొనేటప్పుడు "ఈ ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు టైరు పడుతుంది?" అని తప్పక అడగండి. పాత రిమ్ బ్రేకు ఫ్రేములు చాలావాటిలో 25, మహా అయితే 28 దగ్గర ఆగిపోతుంది. ట్యూబుల మౌతు (వాల్వు) ప్రెస్టా రకం, సన్నగా పొడుగ్గా ఉంటుంది. పంక్చర్ షాపులో, పెట్రోలు బంకులో ఉన్న గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింది సంచిలో ఉంచుకుంటే అవసరానికి ఆదుకుంటుంది.

బ్రేకుల్లో మూడు రకాలు. రిమ్ బ్రేకు తేలిక, చౌక, ఏ ఊరి మెకానిక్ అయినా బాగుచేస్తాడు. వానలో పట్టు తగ్గుతుంది. కేబుల్‌తో పనిచేసే డిస్క్ మధ్యస్థం. హైడ్రాలిక్ డిస్క్ రెండు వేళ్లతో నొక్కితే చాలు, ఘాట్ దిగేటప్పుడు చేతులు నొప్పెట్టవు. కానీ నూనె మార్చి గాలి బుడగలు తీయగల మెకానిక్ దగ్గరలో ఉండాలి. చదును నేల మీద, పొడి రోజుల్లో తొక్కేవారికి మంచి రిమ్ బ్రేకు నేటికీ సరిపోతుంది. వానాకాలంలో ఘాట్ దిగేవారు మాత్రం డిస్క్ కోసం కాస్త ఎక్కువ పెట్టడం ప్రాణానికి సంబంధించిన ఖర్చు.

6. ఫ్రేమ్ పదార్థం

అందరూ మొదట అడిగేది దీని గురించే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అల్యూమినియం తేలిక, చవక, తుప్పు పట్టదు, రోడ్డు అదురును కొంత చేతికి చేరవేస్తుంది. కార్బన్ ఫోర్క్, వెడల్పు టైర్లు ఉంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. కార్బన్ ఇంకా తేలిక, అదురును మింగుతుంది, కానీ పదునైన దెబ్బ తగిలితే లోపల చీలిక పైకి కనిపించకపోవచ్చు. క్రోమోలీ ఉక్కు బరువెక్కువ, దశాబ్దాలు మన్నుతుంది, సామాను మోసుకుని ఊళ్లు తిరిగేవారికి అనువైనది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీల్లో సైకిల్ 6.8 కిలోల కన్నా తేలిగ్గా ఉండకూడదన్న నియమం ఉంది. పోటీదారులే అక్కడ ఆగుతుంటే ఆరోగ్యం కోసం తొక్కేవారు గ్రాముల లెక్కతో నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. సముద్ర తీరంలో ఉండేవారికి ఒక జాగ్రత్త: ఉప్పు గాలికి బోల్టులు తుప్పు పడతాయి, కార్బన్ ఫ్రేమ్‌లో అల్యూమినియం సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం) బిగుసుకుపోతుంది. ఆరు నెలలకొకసారి దాన్ని బయటికి తీసి, తుడిచి, కార్బన్ పేస్ట్ రాసి మళ్లీ బిగించండి.

7. తొక్కి చూడకుండా డబ్బు కట్టవద్దు

దుకాణం ముందు రెండు రౌండ్లు తిరిగితే తొక్కి చూసినట్టు కాదు. కనీసం 20 నిమిషాలు అడగండి. టైర్లలో గాలి సరిచూసి, మీరు కొలుచుకొచ్చిన సీటు ఎత్తు పెట్టించుకుని బయలుదేరండి. చేతులను బ్రేకు లివర్ల పైనున్న రబ్బరు మూపురాల మీద పెట్టినప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. బిగుసుకుపోయి నిటారుగా ఉంటే సైకిల్ మీకు పొడవు. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు స్వల్పంగా వంగి ఉండాలి. తొక్కుతూ తొక్కుతూ రెండు చేతులనూ ఒక్క క్షణం తేలిక చేసి చూడండి. ఒళ్లు ముందుకు పడిపోతుంటే బరువంతా చేతుల మీద ఉందని అర్థం. అన్ని గేర్లూ కిందికీ పైకీ మార్చండి, ఒక్క ఎక్కుడైనా ఎక్కండి, ఒక్కసారి గట్టిగా బ్రేకు వేయండి.

రెండు దుకాణాల మధ్య ధరలో మూడు నాలుగు వేల తేడా ఉండి, ఒకచోట చేయి తిరిగిన మెకానిక్ ఉంటే నేను అక్కడే కొంటాను. పెట్టెలో వచ్చిన సైకిల్‌ను ఎలా బిగించారన్నదాని మీద దాని నడవడి ఆధారపడి ఉంటుంది. ఉచిత సర్వీసులు ఎన్ని, ఫ్రేమ్ వారంటీ ఎన్నేళ్లు, స్టెమ్ మార్చి ఇస్తారా అన్నవి బిల్లు మీద రాయించుకోండి.

పాతది కొనాలనుకుంటే పగటి వెలుతురులో చూడండి. గొట్టాలు కలిసే అతుకుల దగ్గర, ఫోర్క్ మొదట్లో వెంట్రుక లాంటి గీతలున్నాయేమో గోటితో తడమండి. కార్బన్ అయితే నాణెంతో మెల్లగా తట్టుతూ పోండి, స్వరం ఒక్కచోట మొద్దుబారితే వదిలేయండి. చక్రం ఎత్తి తిప్పితే ఎటూ ఊగకూడదు, క్రాంక్ పట్టుకుని పక్కకు ఊపితే కదలకూడదు. చైన్ సాగుదలను కొలిచే గేజి 0.75 దాటి దిగితే చైన్‌తో పాటు క్యాసెట్ కూడా మార్చవలసి రావచ్చు, ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. అసలు బిల్లు, ఫ్రేమ్ అడుగున ఉన్న నంబరు సరిపోలకపోతే ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

8. మొదటి నెల

కొత్త సైకిల్ కేబుళ్లు మొదటి 200, 300 కి.మీ. లోపల సర్దుకుంటాయి, గేర్లు కొద్దిగా తడబడతాయి. అది లోపం కాదు, మొదటి సర్వీసులో సరిచేస్తారు. పెడల్‌కు బూటును బిగించే క్లీట్ల జోలికి మొదటి నెలలో పోకండి. మామూలు పెడళ్లతోనే సైకిల్ అలవాటు కానివ్వండి. నొప్పి ఎక్కడ వస్తోందో, ఎన్నో కిలోమీటరు దగ్గర వస్తోందో ఒక చిన్న పుస్తకంలో రాయండి. మోకాలి ముందు భాగం నొప్పి పెడితే సాధారణంగా సీటు తక్కువ ఎత్తులో ఉందని, మోకాలి వెనక లాగితే ఎక్కువ ఎత్తులో ఉందని గుర్తు. ఒకేసారి మూడు మిల్లీమీటర్లకు మించి మార్చకండి, మార్చిన తర్వాత రెండు రోజులు తొక్కి చూడండి.

ఒంటికి సరిగ్గా కుదిరిన రోజున సీటు ఎత్తును టేపుతో కొలిచి రాసి పెట్టుకుని, ఫ్రేమ్‌లోకి సీట్ పోస్ట్ దిగే చోట నల్ల ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు చుట్టండి. రైల్లో వేయడానికి విప్పినా, సర్వీసులో ఎవరైనా కదిపినా ఆ గీత దగ్గరికి తెచ్చి బిగిస్తే మీ సైకిల్ మళ్లీ మీ కొలతకు వస్తుంది.